పాత కంప్యూటర్ మొదలవుతూనే ఆగిపోతుంటే: ముందు ఎక్కడో తెలియాలి, తరువాతే ఎందుకో

మీట నొక్కగానే ఫ్యాను తిరుగుతుంది, ముందున్న చిన్న దీపం వెలుగుతుంది, తెర మీద తయారీ సంస్థ లోగో వస్తుంది, ఆ తరువాత ఇక ఏమీ జరగదు. పాత కంప్యూటర్ వాడేవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. కాసేపు చూసి, మీటను నొక్కిపట్టి ఆపి, మళ్ళీ మొదలుపెడితే ఒక్కోసారి ఏమీ కానట్టే నడుస్తుంది, ఒక్కోసారి మళ్ళీ అక్కడే ఆగుతుంది. ఈ స్థితిలో చాలామంది చేసే పని డిస్కును ఫార్మాట్ చేసి విండోస్‌ను మళ్ళీ ఎక్కించడం. లోపం విండోస్‌లోనే ఉంటే దానివల్ల ఫలితం ఉంటుంది. లోపం ర్యామ్‌లోనో, డిస్కులోనో, విద్యుత్ సరఫరాలోనో ఉన్నప్పుడు మాత్రం సగం రోజు వృథా అవుతుంది, దాచుకున్న ఫొటోలు, పత్రాలు పోతాయి, కంప్యూటర్ మళ్ళీ అదే లోగో దగ్గర నిలబడుతుంది.

చాలా ఏళ్ళుగా పాత యంత్రాలను బాగుచేసుకుంటూ వస్తున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఎందుకు ఆగిందన్న ప్రశ్న వేసుకునే ముందు ఎక్కడ ఆగిందన్నది తేల్చుకోవాలి. 'హ్యాంగ్ అయింది' అన్న ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో జబ్బులు దాగి ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి ఊహించుకుని మందు వేయడం కంటే, ఏ మెట్టు దాకా సవ్యంగా వచ్చి ఏ మెట్టు మీద ఆగిందో గమనిస్తే సగం అనుమానాలు అక్కడికక్కడే తొలగిపోతాయి. అలా గమనించాలంటే మీట నొక్కిన క్షణం నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా లోపల ఏం జరుగుతుందో కొంత తెలిసి ఉండాలి.

పగ్గాలు చేతులు మారే క్రమం

మీట నొక్కగానే మొదట మేలుకునేది ప్రాసెసర్ కాదు, క్యాబినెట్‌లోని విద్యుత్ సరఫరా డబ్బా, అంటే ఎస్‌ఎమ్‌పీఎస్. గోడ సాకెట్ నుంచి వచ్చే ఏసీ కరెంటును అది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి, ఆ వోల్టేజీలు నిలదొక్కుకున్నాక 'పవర్ గుడ్' అనే సంకేతాన్ని మదర్‌బోర్డుకు పంపుతుంది. డెస్క్‌టాప్ విద్యుత్ సరఫరాలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఈ సంకేతం 100 నుంచి 500 మిల్లీసెకన్ల వ్యవధిలో అందాలి. అది అందేదాకా ప్రాసెసర్ రీసెట్ స్థితిలోనే ఉంటుంది. అందిన తరువాతే మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో ఉండే బయోస్ ప్రోగ్రామ్‌ను చదవడం మొదలుపెడుతుంది. బయోస్ ముందుగా తన చుట్టూ ఉన్న భాగాలను పలకరించి చూసుకుంటుంది. ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ కార్డు ఉందా, కీబోర్డు తగిలించి ఉందా, డిస్కులు జవాబు ఇస్తున్నాయా అని వరుసగా జరిగే ఈ పరీక్షనే పోస్ట్ అంటారు. అంతా సవ్యంగా ఉంటే చాలా పాత మదర్‌బోర్డులు ఒక్క చిన్న బీప్ ఇస్తాయి. ఆ బీప్ వినిపించిందంటే పోస్ట్ గట్టెక్కినట్టే.

ఆ తరువాత బయోస్ బూట్ డిస్కు (విండోస్‌ను మొదలుపెట్టే డిస్కు) మొదటి సెక్టార్‌ను, అంటే మొదటి చిన్న గడిలోని సరిగ్గా 512 బైట్లను, ర్యామ్‌లోకి తెచ్చి పగ్గాలు దానికి అప్పగిస్తుంది. ఆ 512లో ప్రోగ్రామ్‌కు దక్కేది 446 బైట్లు మాత్రమే. మిగిలిన వాటిలో 64 బైట్లు పార్టిషన్ల (డిస్కు విభాగాల) పట్టికకు, 2 బైట్లు చివరి గుర్తుకు పోతాయి. అంత చిన్న ప్రోగ్రామ్ చేయగలిగిందల్లా తన తరువాతి ప్రోగ్రామ్‌ను వెతికి పిలవడమే. విండోస్ ఎక్స్‌పీలో ఆ వరుసలో వచ్చేది ఎన్‌టీఎల్‌డీఆర్. విస్టా నుంచి దాని స్థానంలోకి బూట్ మేనేజర్ వచ్చింది. పాత బయోస్‌కు బదులుగా వచ్చిన యూఈఎఫ్‌ఐ ఉన్న కాస్త కొత్త యంత్రాల్లో ఈ తతంగం లేదు; ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఒక ప్రత్యేక పార్టిషన్ నుంచి ఫర్మ్‌వేరే (మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రామే) నేరుగా బూట్ ఫైలును తెరుస్తుంది. ఏ దారిన వచ్చినా చివరికి విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మెమరీలోకి చేరుతుంది, ఒక్కో పరికరాన్ని నడిపే డ్రైవర్లు ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి, సర్వీసులు మొదలవుతాయి, లాగిన్ తెర వస్తుంది, ఆపై మనం ఎక్కించుకున్న స్టార్టప్ ప్రోగ్రాముల వంతు వస్తుంది.

ఈ వరుసలో ప్రతి ఒక్కటీ తనకు ముందున్నది పని పూర్తిచేసిందన్న నమ్మకంతోనే నడుస్తుంది. కనుక తయారీదారు లోగో దగ్గరే ఆగిన కంప్యూటర్‌లో విండోస్ ఇంకా రంగంలోకే దిగలేదు. దాన్ని తీసి మళ్ళీ ఎక్కించడం అనవసరమైన శ్రమ. విండోస్ గుర్తు వచ్చాక ఆగితే బయోస్, డిస్కు, బూట్ సెక్టార్ కనీసం ఒక మేరకు పనిచేసినట్టు లెక్క. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విండోస్ 8 నుంచి చాలా యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో విండోస్ తన గుర్తును చూపకుండా తయారీదారు లోగోనే అలా ఉంచి, దాని కింద చుక్కల చక్రాన్ని తిప్పుతుంది. అందువల్ల అక్కడ చూడవలసింది లోగో ఎవరిదన్నది కాదు, దాని కింద చుక్కలు కనిపించాయా లేదా అన్నది. చుక్కలు ఒక్కసారైనా కనిపించాయంటే పగ్గాలు విండోస్ చేతికి వచ్చాయి.

క్యాబినెట్ విప్పక ముందు

ఆగిపోయిన కంప్యూటర్ ముందు కూర్చుని రెండు దీపాలను చూడాలి. మొదటిది కీబోర్డు మీది నమ్ లాక్ దీపం. నమ్ లాక్ మీటను నొక్కినప్పుడల్లా ఆ దీపం వెలిగి ఆరుతుంటే ప్రాసెసర్ బతికే ఉంది, కీబోర్డు మాట వింటోంది, కాకపోతే దేని కోసమో ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపు డిస్కు కోసం కావచ్చు, ఏదో ఒక డ్రైవర్ కోసం కావచ్చు. మీట ఎన్నిసార్లు నొక్కినా దీపం కదలకపోతే యంత్రం నిలువునా బిగుసుకుపోయిందని, అనుమానం ఎక్కువగా ర్యామ్, వేడి, విద్యుత్తు, గ్రాఫిక్స్ వైపు పెట్టాలని అర్థం. బూట్ మొదటి క్షణాల్లో కొన్ని యూఎస్‌బీ కీబోర్డులు ఇంకా మేలుకోకపోవచ్చు కాబట్టి ఈ పరీక్షను ఒక్కసారితో తేల్చేయకూడదు. రెండో దీపం క్యాబినెట్ ముందున్న డిస్కు దీపం. అది మినుకుమినుకుమంటుంటే పని జరుగుతోంది, ఓపిక పట్టాలి. ముఖ్యంగా విండోస్ అప్‌డేట్ ఎక్కిస్తున్నప్పుడు, డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడుస్తున్నప్పుడు మధ్యలో కరెంటు తీసేస్తే లేని లోపాన్ని మనమే తెచ్చినట్టవుతుంది. దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే డిస్కు ఒకే చోట చిక్కుకుందేమో చూడాలి. అసలు వెలగకపోతే డిస్కును ఎవరూ అడగడమే లేదు.

తరువాతి పని కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప బయట తగిలించినవన్నీ పీకేయడం. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, ప్రింటర్, కార్డ్ రీడర్, ఫోను కేబుల్, అన్నీ. బయోస్ ఇలాంటి ప్రతి పరికరాన్నీ ఇందులోంచి బూట్ చేయవచ్చునా అని పరిశీలిస్తుంది. వాటిలో ఒకటి సరిగా జవాబు ఇవ్వకపోతే పాత బయోస్‌లు అక్కడే నిలబడిపోతాయి. ఇంత తేలికైన కారణంతో కంప్యూటర్ ఆగుతుందని నమ్మబుద్ధి కాదు గానీ, నేను చూసిన వాటిలో ఇలా తేలినవి తక్కువేమీ కాదు.

ఆ తరువాత చేసేది నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి విలువైన పరీక్ష, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు డిలీట్ మీటనో, ఎఫ్2నో నొక్కి బయోస్ సెటప్ తెరలోకి వెళ్ళి, ఏమీ మార్చకుండా ఇరవై నిమిషాలు అలాగే వదిలేయాలి. మధ్యమధ్యలో బాణం మీటలతో కిందికీ పైకీ కదిపి చూడాలి. ఈ తెర మీద ఉన్నంతసేపు విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, వైరస్ లేదు, హార్డ్‌డిస్క్ చదవడం కూడా దాదాపు లేదు. ఇక్కడ కూడా బిగుసుకుపోతే లోపం చాలావరకు ర్యామ్, ప్రాసెసర్ వేడి, ఎస్‌ఎమ్‌పీఎస్, మదర్‌బోర్డు అనే నాలుగింటిలోనే ఉంటుంది. అసలు బయోస్ తెరలోకే వెళ్ళనివ్వకపోతే డిస్కుల కేబుళ్ళు తీసేసి మళ్ళీ ప్రయత్నించాలి. అప్పుడు వెళ్ళనిస్తే బయోస్‌ను ఆపుతున్నది డిస్కే. ఇరవై నిమిషాలూ నిక్షేపంగా ఉంటే అనుమానం డిస్కు మీదికి, దాని మీద ఉన్న విండోస్ మీదికి మళ్ళించవచ్చు. ఇది తిరుగులేని తీర్పు కాదు, ఎందుకంటే బయోస్ తెర ర్యామ్‌లో కొంత భాగాన్నే వాడుకుంటుంది. అయినా వెతకవలసిన మేరను ఇంత తక్కువ శ్రమతో తగ్గించే ఉపాయం మరొకటి నాకు తెలియదు.

ఏ ప్రయోగమైనా మొదలుపెట్టే ముందు ఫైళ్ళ సంగతి చూడాలి. కంప్యూటర్ ఐదింట ఒక్కసారైనా నడుస్తుంటే ఆ ఒక్కసారిని కారణం వెతకడానికి కాక ముఖ్యమైన ఫైళ్ళను వేరే డిస్కులోకి తీసుకోవడానికి వాడాలి. అసలే నడవకపోతే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే డిస్కులో ఏమీ ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో, బూట్ చేసి తీసుకోవచ్చు. లేదా డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించవచ్చు. లైవ్ లినక్స్ గంటసేపు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిందంటే ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎమ్‌పీఎస్ చాలావరకు నిర్దోషులని కూడా తేలుతుంది.

బయోస్‌లోనే ఆగే యంత్రం

ముందు వేడి సంగతి. బయోస్‌లోని హార్డ్‌వేర్ మానిటర్ పేజీలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. 50 డిగ్రీలకు అటూ ఇటూ ఉండటం మామూలే. మీట నొక్కిన రెండు మూడు నిమిషాల్లోనే 85, 90కి ఎగబాకితే ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె, అంటే హీట్‌సింక్, ప్రాసెసర్‌ను సరిగా తాకడం లేదు. ఫ్యాను తిరుగుతోంది కదా అని ఊరుకోకూడదు. 2004 తరువాత వచ్చిన చాలా ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో హీట్‌సింక్‌ను మదర్‌బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు మూలల్లోని నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. వాటిలో ఒక్కటి ఊడి పైకి లేచినా ఆ మూల సన్నని సందు ఏర్పడి వేడి కదలకుండా నిలిచిపోతుంది. పిన్నులు బాగున్నా, ఏళ్ళు గడిచేకొద్దీ మధ్యలో వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా పొడిబారుతుంది. పాతదాన్ని తుడిచి, బఠాణీ గింజలో సగమంత కొత్త పేస్ట్ పెట్టి బిగిస్తే చాలు.

ర్యామ్‌కు పరీక్ష చేతితోనే మొదలవుతుంది. కరెంటు తీగ పీకి, పవర్ మీటను ఐదారు సెకన్లు నొక్కిపట్టి మిగిలిన చార్జిని పోగొట్టి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ఆ తరువాతే ర్యామ్‌ను తీయాలి. బంగారు రంగు పట్టీలను మెత్తని రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కోదాన్నే పెట్టి చూడాలి; ఒకే స్టిక్‌ను రెండు స్లాట్లలోనూ మార్చి చూడాలి, లేకపోతే స్లాట్ చేసిన తప్పుకు స్టిక్‌ను పారేసినవారమవుతాము. నిర్ధారణకు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడపడం మేలు. ఎర్ర గీతతో ఒక్క తప్పు కనిపించినా అది తప్పే. ఒక్కటే కదా అని సరిపెట్టుకుంటే, ఆ తప్పుడు బైటు మీద కెర్నెల్ కూర్చున్న రోజు యంత్రం ఆగుతుంది, మీ పత్రం కూర్చున్న రోజు పత్రం చెడుతుంది.

అందరూ చివరికి అనుమానించేది, నేను మొదట్లోనే చూడమని కోరేది కెపాసిటర్లను, అంటే విద్యుత్తును క్షణకాలం నిల్వ చేసి వోల్టేజీని నిలకడగా ఉంచే భాగాలను. నా దగ్గరున్న ఒక డెస్క్‌టాప్ ప్రతి ఉదయం మొదటిసారి లోగో దగ్గర ఆగేది. ఆపి మళ్ళీ పెడితే ఇంకాస్త ముందుకు వెళ్ళేది, మూడోసారికో నాలుగోసారికో పూర్తిగా నడిచేది. ఒకసారి నడిచిందంటే రాత్రి దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. విండోస్‌ను రెండుసార్లు మళ్ళీ ఎక్కించాను, డిస్కు మార్చాను, ర్యామ్ మార్చాను. వారాల తరువాత మదర్‌బోర్డు మీదికి టార్చి వేసి అడ్డంగా చూస్తే, ప్రాసెసర్ పక్కన వరుసగా నిలబడిన స్తూపాల్లాంటి కెపాసిటర్లలో మూడింటి నెత్తి ఉబ్బి ఉంది. మంచి కెపాసిటర్ పైభాగం అద్దంలా చదునుగా ఉంటుంది, దాని మీద పగలడానికి వీలుగా ఎక్స్ ఆకారంలోనో కె ఆకారంలోనో సన్నని గాడి ఉంటుంది. ఆ మూడింటిలో ఒకదానికి ఆ గాడి విచ్చుకుని గోధుమరంగు పెచ్చు కట్టింది.

ఉదయం పూట మాత్రమే ఆగడానికి కారణం అక్కడే ఉంది. ఈ కెపాసిటర్ల లోపల తడి ఎలక్ట్రోలైట్ ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది ఆరిపోయేకొద్దీ కెపాసిటర్ అంతర్గత నిరోధం పెరుగుతుంది, ప్రాసెసర్‌కు అందే వోల్టేజీలోని ఒడిదుడుకులను అది సరిదిద్దలేకపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం ఇంకా ఎక్కువ. రెండు మూడు విఫల ప్రయత్నాల్లో బోర్డు కాస్త వెచ్చబడగానే నిరోధం తగ్గి యంత్రం నడుస్తుంది. కనుక చల్లగా ఉన్నప్పుడు ఆగి వెచ్చబడ్డాక నడిచే యంత్రంలో కెపాసిటర్లను, వెచ్చబడ్డాక ఆగే యంత్రంలో హీట్‌సింక్‌ను ముందుగా అనుమానించాలి. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో తయారైన మదర్‌బోర్డుల్లో లోపభూయిష్టమైన ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్లు పెద్ద సంఖ్యలో చేరడం వల్ల ఆ తరం యంత్రాల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. అదే విలువ, అదే వోల్టేజీ లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజీ ఉన్న, తక్కువ నిరోధపు రకం కెపాసిటర్లను సోల్డరింగ్ తెలిసినవారితో మార్పించవచ్చు.

ఇలాంటి కెపాసిటర్లే ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల కూడా ఉంటాయి, కానీ ఆ డబ్బాను మాత్రం విప్పకూడదు. కరెంటు తీసేశాక కూడా దాని ప్రధాన కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిల్వ ఉండవచ్చు, అది ప్రాణాలు తీయగలదు. బయటి నుంచే కొలవాలి. 12 వోల్టుల లైను 11.4కు, 5 వోల్టుల లైను 4.75కు దిగువకు జారకూడదు. బయోస్ చూపే అంకెలు సూచనలే. మల్టీమీటర్‌తో కొలిచినా క్షణకాలపు తగ్గుదల దొరక్కపోవచ్చు. బాగున్నట్టు తెలిసిన మరో ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టి చూడటమే అన్నిటికంటే నికరమైన పరీక్ష.

డిస్కు ఆపుతున్నప్పుడు

బయోస్‌లో ఎంతసేపైనా బాగుండి, బూట్ మొదలుకాగానే ఆగే యంత్రంలో మొదటి ముద్దాయి హార్డ్‌డిస్క్. ఇక్కడ ఆగిపోవడం అన్నది నిజానికి ఆగిపోవడం కాకపోవచ్చు. చదవడానికి లొంగని సెక్టార్ ఎదురైతే సాధారణ డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. అదే చోటును మళ్ళీ మళ్ళీ చదవడానికి ప్రయత్నిస్తూ చాలా సెకన్లు తీసుకుంటుంది. విండోస్ కూడా తన వంతుగా మళ్ళీ అడుగుతుంది. అలాంటి సెక్టార్లు బూట్ ఫైళ్ళ మధ్య పది ఉంటే, లోగో దగ్గర పావుగంట నిలబడటంలో వింతేమీ లేదు. చెవి దగ్గర పెట్టి వింటే, ఒకే లయలో వచ్చే టిక్కు టిక్కు శబ్దమో, తిరగడం ఆగి మళ్ళీ వేగం అందుకుంటున్న శబ్దమో వినిపించవచ్చు. ఆ శబ్దం విన్నాక చేయవలసిన పని ఫైళ్ళు కాపాడుకోవడం ఒక్కటే. చాలామంది సలహా ఇచ్చే చెక్‌డిస్క్ పూర్తి స్థాయి తనిఖీ ఆ సమయంలో మంచిది కాదు. అది డిస్కు మొత్తాన్ని మూల మూలా చదివించి, మిగిలిన కాస్త ప్రాణాన్నీ హరించవచ్చు. కాపీ ముందు, తనిఖీ తరువాత.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌తోనో, లైవ్ లినక్స్‌లోని డిస్కుల ఉపకరణంతోనో దాన్ని చదవవచ్చు. అందులో ఎన్నో వరుసలు ఉన్నా మూడింటి మీద దృష్టి పెడితే చాలు. 5వ నెంబరు వరుస ఇప్పటికే పాడై వేరేచోటికి మార్చిన సెక్టార్ల లెక్క. 197వది చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్ల లెక్క. ఈ రెండూ సున్నా ఉండటం మంచిది. 197 సున్నా కాకపోతే లోగో దగ్గరి ఆలస్యానికి కారణం దాదాపు దొరికినట్టే. 5వ అంకె వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కు మీద ఇక ఆశ పెట్టుకోకూడదు. 199వ వరుస కథ వేరు. అది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిన సమాచారాన్ని లెక్కపెడుతుంది, అంటే అక్కడ దోషం చాలావరకు కేబుల్‌ది. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, ఎందుకంటే అది జీవితకాలపు లెక్క. పెరగడం ఆగిందా అని చూడాలి. వదులైన సాటా కేబుల్ ఒక్కటి మార్చి, పారేద్దామనుకున్న డిస్కును మళ్ళీ వాడుకున్న సందర్భాలు నాకున్నాయి.

ఇంకా పాత, వెడల్పాటి ఐడీఈ కేబుల్ ఉన్న యంత్రాల్లో మరో చిక్కు ఉంది. తప్పులు ఆరు దాటితే విండోస్ ఎక్స్‌పీ ఆ డిస్కును డీఎమ్‌ఏ అనే వేగవంతమైన పద్ధతి నుంచి పీఐఓ అనే అతి నెమ్మది పద్ధతికి దించేస్తుంది, తిరిగి తనంతట తాను పైకి ఎక్కించదు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ చానల్‌ను తొలగించి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని మళ్ళీ కనుగొని మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది.

మూడు వోల్టుల చిన్న సెల్

మదర్‌బోర్డు మీద నాణెంలా కనిపించే సీఆర్2032 సెల్ గురించి కొంత చెప్పక తప్పదు. పేరులోని 20 దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో, 32 దాని మందం 3.2 మిల్లీమీటర్లని చెబుతుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించడం, పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులను గుర్తుపెట్టుకోవడం దాని పని. అది అయిపోతే తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతుందని చాలామందికి తెలుసు. బూట్ ఆగిపోవడానికి కూడా అది కారణం కాగలదన్న సంగతి మాత్రం ఎవరికీ తోచదు. సెల్ చచ్చినప్పుడు సెట్టింగులన్నీ తయారీ నాటి స్థితికి వెళ్తాయి. వాటిలో సాటా డిస్కును ఏ పద్ధతిలో చూడాలన్నది కూడా ఒకటి. విండోస్‌ను ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఎక్కించి ఉండగా బోర్డు ఐడీఈ పద్ధతికి మారిపోతే, విండోస్ లోగో దాకా వచ్చి తన డిస్కు తనకే కనిపించక, నీలి తెర మెరిసి రీస్టార్ట్ కావడమో ఆగిపోవడమో జరుగుతుంది. ఆ నీలి తెర మీది స్టాప్ కోడ్ చివర 7బి అని ఉంటే ముందు చూడవలసింది ఈ సెట్టింగునే. సెల్ మార్చి, పద్ధతిని తిరిగి ఏహెచ్‌సీఐకి మారిస్తే, ఫార్మాట్‌కు సిద్ధపడిన కంప్యూటర్ ఐదు నిమిషాల్లో డెస్క్‌టాప్ చూపిస్తుంది. సెల్ తీసే ముందు బయోస్ పేజీలన్నిటినీ ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవాలి. డిస్కుకు విండోస్‌లోని బిట్‌లాకర్ రహస్య తాళం ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే బయోస్ జోలికి పోవాలి.

విండోస్ చేతికి పగ్గాలు వచ్చాక

ఈ దశలో సేఫ్ మోడ్ పెద్ద ఆసరా. విండోస్ 7 దాకా లోగో రాకముందే ఎఫ్8 నొక్కితే ఆ ఎంపిక వస్తుంది. విండోస్ 8 నుంచి ఆ మీట మామూలుగా పనిచేయదు. లాగిన్ తెర దాకా వస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేయాలి, అంతదాకా రాకపోతే బూట్ వరుసగా రెండు మూడు సార్లు విఫలమైనప్పుడు రికవరీ తెర తనంతట తానే వస్తుంది. సేఫ్ మోడ్ అత్యవసరమైన డ్రైవర్లను మాత్రమే లేపుతుంది, గ్రాఫిక్స్‌కు ప్రాథమిక డ్రైవర్‌ను వాడుతుంది. అందులో చక్కగా నడిస్తే మామూలు బూట్‌లో అదనంగా వచ్చే గ్రాఫిక్స్ డ్రైవర్, యాంటీవైరస్, మూడో పక్షపు సర్వీసుల మీద దృష్టి పెట్టాలి.

సేఫ్ మోడ్‌లో కూడా ఆగితే తెర మీద డ్రైవర్ ఫైళ్ళ పేర్లు వరుసగా జారి ఒక పేరు దగ్గర నిలుస్తాయి. ఎక్స్‌పీలో ఆ చివరి పేరు చాలాసార్లు మప్ డాట్ సిస్, విండోస్ 7లో క్లాస్‌పీఎన్‌పీ డాట్ సిస్. ఆ పేరు పట్టుకుని ఆ ఫైలును మార్చినవారు, తొలగించినవారు ఎంతోమంది, ఫలితం మాత్రం దక్కదు. కారణం ఇదీ: తెర మీద ఉన్నది లోపలికి చేరిన ఫైలు పేరు. దాని తరువాత విండోస్ చేసే పని, అంటే పరికరాలను ఒక్కొక్కటిగా పలకరించి మేల్కొలపడం, ఏ పేరునూ తెర మీద రాయదు. చివరి పేరు సురక్షితంగా గట్టెక్కిన దానిది. ముంచింది దాని తరువాతిది, దాని పేరు మనకు కనిపించదు. అందుకే ఆ స్థితిలో ఫైళ్ళను కాక పరికరాలను తీసి చూడాలి: అదనపు కార్డులు, రెండో డిస్కు, డీవీడీ డ్రైవ్, ఒక ర్యామ్ స్టిక్. బూట్ లాగింగ్ ఎంపిక ఇస్తే విండోస్ ఫోల్డర్‌లో ఎన్‌టీబీటీలాగ్ అనే టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. ఆగిన రోజు చిట్టాను నడిచిన రోజు చిట్టాతో పోల్చితే లోపించిన వరుస తెలుస్తుంది.

లాగిన్ అయ్యాక బిగుసుకుపోయే యంత్రానికి ఇంత లోతుకు వెళ్ళనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్‌వి కాని సర్వీసులను, స్టార్టప్ ప్రోగ్రాములను సగం ఆపి చూడాలి. బాగుంటే దోషి ఆపిన సగంలో, లేకుంటే మిగిలిన సగంలో ఉంటుంది. ఇలా సగాలు చేస్తూ పోతే నలభై ప్రోగ్రాముల్లో ఒక దోషిని ఆరు ప్రయత్నాల్లో పట్టవచ్చు.

విండోస్ 8 నుంచి ఇంకో తేడా గమనించాలి. షట్‌డౌన్ చేసి మళ్ళీ పెడితే ఆగుతూ, రీస్టార్ట్ చేస్తే మాత్రం బాగా వచ్చే యంత్రంలో కారణం ఫాస్ట్ స్టార్టప్ కావచ్చు. ఆ సదుపాయం ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు. కెర్నెల్ స్థితిని డిస్కులో ఒక ఫైలుగా దాచి, మరునాడు దాన్నే తిరిగి తెస్తుంది. పాత డ్రైవర్లు ఆ నిద్ర నుంచి సరిగా లేవలేవు. రీస్టార్ట్ ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది కనుక ఆ ఇబ్బంది రాదు. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేస్తే సరిపోతుంది. లినక్స్ వాడేవారికి మార్గం మరింత తేలిక: బూట్ వరుసలోంచి క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు తీసేస్తే ప్రతి అడుగూ తెర మీద కనిపిస్తుంది, గ్రాఫిక్స్ దగ్గర ఆగుతుంటే నోమోడ్‌సెట్ అన్న మాట చేర్చి చూడాలి.

ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది తేదీతో రాసుకోవాలి. ర్యామ్, కేబుల్, సెట్టింగు ఒకే పూట మార్చి కంప్యూటర్ బాగుపడితే ఏది మందో తెలియదు, జబ్బు తిరిగి వచ్చిన రోజు మళ్ళీ మొదటికే రావాలి. బాగైందో లేదో కూడా అదే పూట తేల్చకూడదు, ఎందుకంటే ఇంతసేపు విప్పి, బిగించి, నడిపిన బోర్డు వెచ్చగా ఉంటుంది. రాత్రి ఆపి, కరెంటు తీగ పీకి, మరునాడు ఉదయం చల్లటి యంత్రానికి తీగ పెట్టి మొదటిసారి మీట నొక్కినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి. నా డెస్క్‌టాప్‌కు మూడు కెపాసిటర్లూ మార్పించాక నేను అలాగే వరుసగా వారం రోజుల ఉదయాలు చూసుకున్నాను. ఏడు రోజులూ మొదటి ప్రయత్నంలోనే లోగో దాటింది.